వాసన పోయిన నూలు

"ఎవరు ఉతికారు దీన్ని?"

మెహర్‌ది పెద్ద గొంతేం కాదు. కాలేజీలో వెనకబెంచీ పిల్లలకు వినపడాలంటే డస్టరుతో బల్లమీద కొట్టాల్సిందే. అలాంటిది ఆ పొద్దున ఆమె మాట పెరట్లోంచి వీధిగుమ్మం దాకా వినపడింది.

దండెం మీద నూలుపోగుల చుట్టలు, చిలపలు, వరసగా వేలాడుతున్నాయి. తెల్లగా, శుభ్రంగా, నీళ్ళు కారుస్తూ. నిన్నటిదాకా అవే చిలపలు జిడ్డోడుతూ, మట్టిరంగులో, పక్కింటివాళ్ళు కిటికీ తలుపులు వేసుకునేంత వాసన కొట్టేవి. ఆ జిడ్డు కోసమే, మెహర్ దగ్గర చదువుకునే కోటేశ్వరి నెలకు పైగా చేతులు అరగదీసుకుంది. ఆముదం, ఆముదపు కాయల బూడిదనీళ్ళు కలిపి నూలు నానబెట్టడం, పిసకడం, ఎండేయడం, మళ్ళీ నానబెట్టడం. నూనె పోగు లోపలికి దిగితేనే, కాలేజీ ప్రాజెక్టుగా ఆ పిల్ల నేయించబోయే రుమాలుకు ఎరుపు పడుతుంది. నూనె పోయాక అది ఏ కొట్లోనైనా దొరికే నూలే.

"ఎవరేంది? నేనే!" అంది మస్తాన్‌బీ, వంటింట్లోంచి పిండిచేతులతో వస్తూ. మెచ్చుకుంటారని వచ్చిన మనిషిలా ఉంది ఆమె మొహం. "ఇయ్యాల మీ మామ పోయిన రోజు, బరసీ. ఇంట్లో ఉతకని గుడ్డ ఉంచకూడదు. దుప్పట్లు అయినయ్యి, కర్టెన్లు అయినయ్యి, చివరికి చూస్తే ఈ కంపొకటి మిగిలింది. పాపం ఆ పిల్లకి చేతులు పగిలి మంటెత్తుతున్నయ్యి గదా, నేనే చూద్దామని చాకలిసోడా వేసి ఉడకబెట్టా. చూడు, మల్లెపువ్వల్లే వచ్చింది."

మెహర్ ఒక చిలప చేతిలోకి తీసుకుని పిండింది. నీళ్ళు వచ్చాయి. ఒట్టి నీళ్ళు.

"ఏందమ్మా అట్టా చూస్తావు?"

"అత్తమ్మా, ఈ నూలు ఉతకకూడదు."

"ఉతకకూడని నూలేంది, చోద్యం కాకపోతే!"

"ఆ నూనె కోసమేగా అత్తమ్మా ఇన్నాళ్ళూ ఈ పాట్లన్నీ! రంగు వేసేదాకా నీళ్ళు తగలనివ్వద్దని ఆ పిల్ల రోజూ చెబుతూనే ఉంది."

"నాకు చెప్పలా. నీకు చెప్పుకునేది, ఆ పుస్తకాల భాషలో. నాకెందుకు చెబుతారు? నేను వాసన వాసన అని గొణిగే ముసల్దాన్ని."

అదే మాట మెహర్ గొంతులోకి వచ్చి ఆగి ఉంది. ఆవిడే అందించాక ఇంక ఆగలేదు. "అవునత్తమ్మా! మొదట్నుంచీ మీకీ నూలంటే పడదు. హాస్టల్లో వాసనకు ఉండనివ్వలేదని పిల్లని ఇంటికి తెచ్చుకుంటే మీరు వారం రోజులు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని తిరిగారు."

మస్తాన్‌బీ పిండిచేతులు అలాగే గాలిలో ఆగిపోయాయి.

"అంటే? కావాలని చేశానంటావా మెహరూ? చచ్చిపోయిన మనిషి రోజున?"

అనేసిన మాట చీర కాదు, వెనక్కి తీసుకుని మడిచి పెట్టుకోవడానికి.

కోటేశ్వరి అప్పటికే వచ్చి వెనక నిలబడి ఉంది. వేళ్ళకు చుట్టుకున్న గుడ్డపీలికలతో, నిద్రమొహంతో. నడిచి వెళ్ళి ఒక చిలప ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ వాసనకు తొలిరోజుల్లో అన్నం సయించక పళ్ళెం ముందునుంచి లేచిన పిల్లే, ఇప్పుడది లేదని ఇంకో చిలప చూసింది, ఇంకోటి చూసింది. తర్వాత దండెం కింద నేలమీద కూర్చుంది.

ఏడుస్తుందని మెహర్ అనుకుంది. ఏడిస్తే బాగుండేది. దగ్గరికి తీసుకోవడానికైనా ఒక పని ఉండేది.

"నేనేం తెలివితక్కువ దాన్ని కాదే," అంది మస్తాన్‌బీ. ఇప్పుడు గొంతు తగ్గింది. "మీ మామ రుమాలు నేను ముప్పై ఏళ్ళు సోడాలో ఉడకబెట్టా. రంగు పోలా. ఆ నూనెవాసనైనా పోలా. ఉతికే కొద్దీ ఎరుపు తేరేది. మరి ఇదీ ఆ రుమాలు నూలే అన్నారుగా! పైజిడ్డు పోద్ది, లోపలిది ఉంటదనుకున్నా."

అంతే జరిగింది. రంగు పడిన రుమాలును ముప్పై ఏళ్ళు ఉతికిన చెయ్యి, రంగు పడని నూలును కూడా అలాగే ఉతికింది. తప్పెవరిదని వెతికితే ఎక్కడా దొరకదు. దొరికితే కనీసం కోపమైనా తీర్చుకోవచ్చు.

"నూనె పోతే మళ్ళీ పోస్తే పోలా? డబ్బాలో ఇంకా ఉంది," అంది మళ్ళీ ఆవిడే.

"మళ్ళీ నెలరోజులు మామ్మా," అంది కోటేశ్వరి నేలమీంచే. "ఆ తర్వాత ముడులు కట్టాలి. రంగులు వెయ్యాలి. వేటపాలెంలో మగ్గం ఎక్కించాలి. నెలాఖరుకి జ్యూరీవాళ్ళ పరీక్ష."

గోడ అవతల్నుంచి పక్కింటావిడ గొంతు సంతోషంగా వినపడింది. "మెహరమ్మా! ఇయ్యాల మీ పెరడు ఎంత హాయిగా ఉంది తల్లీ!"

*

మెహర్ మొగుడు అష్రఫ్ కోల్డ్ స్టోరేజీలో రాత్రి డ్యూటీ చేసి తుమ్ముకుంటూ వచ్చాడు. మిరపకాయల సీజనంతా అతను ఇంట్లోకి అడుగుపెట్టేముందు తుమ్ము అడుగుపెడుతుంది. సంగతి విన్నాడు. తల్లి వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు. అడకత్తెరలో పోకచెక్కకు మాట్లాడే హక్కు ఎప్పుడూ లేదు.

"వేరేది ఏదైనా చెయ్యకూడదా?" అన్నాడు చివరికి. "డ్రెస్సో, చీరో."

"కాలేజీలో ఒప్పుకున్న ప్రాజెక్టు మార్చడానికి వీల్లేదు. మార్చాలంటే వచ్చే ఏడు మళ్ళీ పరీక్షకు కూర్చోవాలి."

"కూర్చుంటే?"

మెహర్ మొగుడి వైపు చూసిన చూపుకు అతను చొక్కా విప్పుకోవడానికి లోపలికి పోయాడు. వచ్చే ఏడు లేదని అతనికీ తెలుసు. కోటేశ్వరి తండ్రి వెంకయ్య ప్రత్తిపాడులో మిరపతోట వేస్తాడు. నిరుడు కాలేజీ వరండాలో, అందరి ముందూ, మెహర్‌తోనే చెప్పాడు. "మూడేళ్ళన్నారు, మూడేళ్ళు పంపిస్తా. పాసైతే దాని ఇష్టం వచ్చిన ఊళ్ళో ఇష్టం వచ్చిన పని చేసుకోమనండి, నేను అడ్డం రాను. తప్పితే మాత్రం కల్లంలో కాయ ఏరుకుంటది. నాలుగో ఏడు నన్నడగొద్దు మేడమ్ గారూ." మాట ఇచ్చినా బెదిరించినా ఒకే గొంతుతో చేసే మనిషి. అన్నట్టే చేస్తాడు.

ఇదంతా తెలిసి కూడా ఈ పనికి ఒప్పించింది మెహరే. నిరుడు ఇదే బరసీకి భోజనానికి వచ్చిన కోటేశ్వరి, ఫాతెహా ప్రార్థనకు పరిచిన మామగారి రుమాలు చూసి అన్నం మర్చిపోయి దాని అంచు పట్టుకుని కూర్చుంది. "దీనికి జత చేస్తా మేడమ్" అంది. రెండు సల్వార్లు కుట్టించండి, అందరూ పాసవుతారు అని కాలేజీ డైరెక్టరు అంటే, పిల్ల పెద్దపని తలకెత్తుకుంటానంటే మనం దించడమేంటి సార్ అని మెహర్ బల్ల గుద్ది వాదించింది. బల్ల గుద్దిన ఆ చెయ్యి ఇప్పుడు ఏం చెయ్యాలో తెలీక కొంగు నలుపుతోంది.

ఆశ చావక ఒక పోగు తెంపి, పొయ్యిమీద రంగు కాచి ముంచింది. కోటేశ్వరి పక్కనే నిలబడి చూసింది. పోగు గులాబీరంగులో తేలింది.

"కొంచెం పట్టింది మేడమ్," అంది కోటేశ్వరి.

మెహర్ దాన్ని చెంబునీళ్ళలో జాడించింది. ఆ కొంచెమూ నీళ్ళలోకి వచ్చేసింది. ఇద్దరూ ఆ చెంబులోకి చూస్తూ నిలబడ్డారు. మెహర్‌కు పాఠాలు చాలా వచ్చు. రంగుల గురించి గంట చెప్పగలదు.

"వెళ్ళి స్నానం చెయ్యి. చుట్టాలు వస్తారు," అంది.

*

వచ్చినవాళ్ళ ముందు ఇల్లు పెళ్ళిల్లులా మాట్లాడింది. అత్తాకోడళ్ళు ఒకరికొకరు గిన్నెలు అందించుకున్నారు, మొహాలు మాత్రం అందించుకోలేదు. "ఉప్పు సరిపోయిందా అత్తమ్మా" అని కోడలు గోడను అడిగితే, "సరిపోయింది" అని అత్త పొయ్యికి చెప్పింది.

ముల్లా గారు వచ్చారు. సాంబ్రాణి వేశారు. మస్తాన్‌బీ పెట్టె తెరిచి రుమాలు తెచ్చి పరిచింది. ఎరుపు, నలుపు, తెలుపు. నాలుగు మూలలా నేసిన నాలుగు గడియారం బొమ్మలు. మెహర్ మామ మాబు సాయిబు దూదేకి పరుపులు కుట్టినన్నాళ్ళూ ఒంటిమీద దూది తప్ప ఇంకేదీ కనపడేది కాదట. పండగనాడు మాత్రం ఒళ్ళంతా దులుపుకుని ఇది భుజాన వేసుకునేవాడు. "నాలుగు గడియారాలు మోసుకుని తిరిగాడు గానీ, ఒక్కనాడు వేళకు అన్నానికి రాలా" అని ప్రతి బరసీకీ మస్తాన్‌బీ అంటుంది, అందరూ నవ్వుతారు. ఈసారి ఆమె ఆ మాట అనలేదు. అనలేదని కొందరు గమనించి, ముసలితనం అనుకున్నారు.

రుమాలు మీద ఖీర్ గిన్నె, పండ్లు పెట్టారు. సాంబ్రాణి పొగ దాని మీదుగా కదిలింది. కోటేశ్వరి గుమ్మం అవతల నిలబడి గడియారాల వైపే చూస్తోంది.

ఫాతెహా అయ్యి, వచ్చినవాళ్ళు తిని, పళ్ళేలు తీసేవేళకు వెంకయ్య వచ్చాడు. బస్సు ఆలస్యమట. ఒక సంచిలో కొత్త మిరపకాయలు తెచ్చాడు.

"పచ్చడికి మేలురకం కాయ అక్కయ్యా. తొడిమలు కూడా నేనే తీయించా," అని మస్తాన్‌బీ చేతికిచ్చాడు. తర్వాత కూతురి చేతుల వైపు చూశాడు. "ఏందమ్మాయ్ ఆ పీలికలు?"

"బూడిదనీళ్ళకి పగిలినయ్యిలే నాన్నా."

"కాయ ఏరితే ఇంతకంటే మంట." అని, "రుమాలు ఎందాకా వచ్చింది?" అన్నాడు.

కోటేశ్వరి మెహర్ వైపు చూసింది. మెహర్, "ముందు భోజనానికి లేవండి, పొద్దుపోయింది" అంది. విస్తరి వేశారు. వెంకయ్య వరండాలో కూర్చుని ఖీర్ రెండుసార్లు వేయించుకుని తిన్నాడు. తింటున్నంతసేపూ పెరట్లో తెల్లనూలు ఎండుతూనే ఉంది. ఆయనకు తెల్లనూలు తెల్లనూలే.

*

లోపలి గదిలో మస్తాన్‌బీ రుమాలు మడతపెడుతోంది. కోటేశ్వరిని పిలిచింది. మెహర్ గుమ్మంలో ఆగిపోయింది.

"ఇది పట్టుకెళ్ళు."

"ఎక్కడికి మామ్మా?"

"ఆ పరీక్షకే. నేను చేశానని చూపించు. గడియారాలు అవే, ఎరుపు అదే. దీనికి జతేగా నువ్వు చేస్తానన్నది? జత ఏదో, ఇది ఏదో ఎవడికి తెలుసుద్ది?"

"ఇది తాతయ్యది."

"తాతయ్య ఉంటే ఇవ్వద్దంటాడా? అడిగినోడికల్లా పరుపు కుట్టి ఇచ్చిన మనిషి." మస్తాన్‌బీ కళ్ళు తుడుచుకుంది. పొద్దుట్నుంచీ ఆపుకున్నదంతా అప్పుడు వచ్చింది. "నా చేత్తో పాడు చేశాను తల్లీ. నా చేత్తోనే ఇస్తన్నా. తీసుకో. లేకపోతే నాకీ బరసీ ఏం బరసీ?"

కోటేశ్వరి రుమాలు తీసుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకోనూ లేదు. మెహర్ వైపు తిరిగింది.

"మేడమ్, మీరెట్టా చెబితే అట్టా చేస్తా."

నిరుడు ఒక పిల్ల తన పిన్ని చేసిన కుట్టుపనిని తనదని తెచ్చింది. మెహర్ సున్నా వేసింది. ఆ పిల్ల స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి వెక్కివెక్కి ఏడ్చినా, ఇంకొకరి చేతిపని మీద మన పేరు రాసుకోకూడదమ్మా అని, ఆ ఒక్కమాటే మళ్ళీమళ్ళీ చెప్పి పంపించింది. అప్పుడు కోటేశ్వరి అక్కడే ఉంది. ఆ పిల్లని నడిపించుకుని బస్టాపు దాకా తీసుకెళ్ళింది తనే.

వద్దు అనాలి. ఒక్క మాట. మెహర్‌కు కల్లం కనపడింది, ఎండలో ఎర్రటి కుప్ప, దాని ముందు తల వంచుకుని ఈ పిల్ల. ఆ మాట రాలేదు. పోనీ తీసుకో అందామంటే స్టాఫ్‌రూమ్ గుమ్మంలో ఏడ్చిన పిల్ల కనపడింది. ఆ మాటా రాలేదు. గురువన్న మనిషి గుమ్మానికి చేరగిలపడి, శిష్యురాలి మొహం చూడలేక రుమాలు మూలన గడియారం ముళ్ళు చూస్తూ నిలబడింది.

హాల్లో ఫోను మోగింది.

బతికిపోయినట్టు వెళ్ళి ఎత్తింది. డైరెక్టరు.

"మేడమ్, జ్యూరీకి వచ్చేవాళ్ళకి ఇప్పుడే చెప్పాలి, ఎవరెవరి ప్రాజెక్టులు ఉన్నాయో. మీ రుమాలు అమ్మాయి సంగతేంటి?"

"సార్, నేను రేపు వచ్చి మీతో మాట్లాడదామని..."

"రేపు కాదు మేడమ్. నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా, అంత పెద్దపని పెట్టుకోవద్దని. కాకపోతే కాలేదని చెప్పండి, ఆ అమ్మాయిని ఈసారికి తీసేస్తా. వచ్చే ఏడు చూద్దాం. అయిందా, లేదా?"

లోపలి గది గుమ్మంలోకి కోటేశ్వరి వచ్చి నిలబడింది. వెనక మస్తాన్‌బీ, చేతిలో రుమాలు.

"మేడమ్? ఉన్నారా?"

"అయింది సార్," అంది మెహర్.

"అయిందా! రంగు వచ్చిందా?"

"వచ్చింది. ఎర్రగా వచ్చింది."

ఫోను పెట్టేసింది. తన గొంతే తనకు ఎవరిదోలా ఉంది. ఇరవయ్యేళ్ళ పిల్ల మోయలేక తన మీద పెట్టిన బరువును తీసుకుని, తిరిగి ఆ పిల్ల నెత్తినే పెట్టిందని అప్పుడు అర్థమైంది. చేతులు కాలాయి. పట్టుకోవడానికి ఆకులు కూడా లేవు.

ఆ పిల్ల కళ్ళలో కోపం లేదు. కోపమైతే మెహర్ తట్టుకునేదే. ఇన్నాళ్ళూ తలెత్తి చూసిన మనిషిని మొదటిసారి సమానంగా చూస్తున్నట్టు చూసింది.

"అయిందా!"

వరండాలోంచి వెంకయ్య లేచి వస్తున్నాడు. ఫోను కిటికీ పక్కనే ఉందని, కిటికీ అవతల ఆయన కూర్చున్నాడని ఎవరికీ గుర్తు లేదు.

"అయిందని ఒక్క ముక్క చెప్పరేంది! అడిగితే అన్నానికి లేవమంటారు. ఏదమ్మాయ్, చూపించు."

వెంకయ్య భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఇంకా తడి ఉందేమోనని పంచెకు ఇంకోసారి తుడుచుకున్నాడు. గుళ్ళో ప్రసాదానికి పట్టినట్టు రెండు చేతులూ చాపాడు. కల్లంలో కాయ ఏరుకుంటదన్న ఆ మనిషి మొహంలో ఇంత వెలుగు ఉంటుందని మెహర్‌కు తెలీదు. తెలియకపోయినా బాగుండేది.

మస్తాన్‌బీ ముందుకు వచ్చింది.

"ఇదుగో తమ్ముడూ," అంది. "నీ కూతురు చేసింది."

వెంకయ్య రుమాలు అందుకుని మడత విప్పాడు. గడియారాలు చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు. "ఓసినీ! టైము కూడా పెట్టిందే!" ఎరుపు మీద వేలితో రుద్ది, వేలు చూసుకున్నాడు. రంగు అంటలేదు. "మా కాయకి కూడా ఈ ఎరుపు రాదమ్మాయ్," అన్నాడు. అని, కన్నీళ్ళు కనపడకుండా ఉండటానికో ఏమో, దాన్ని రెండు చేతులతో ఎత్తి కళ్ళకద్దుకున్నాడు.

నెమ్మదిగా దించాడు. మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. పంట చేతికొచ్చిన దగ్గర్నుంచి అమ్మేదాకా కాయను వాసన చూసి మంచిచెడు చెప్పే మనిషి.

"నూనెవాసన ఉంటదన్నావు, ఉంది," అన్నాడు కూతురితో. నవ్వు ఇంకా మొహాన ఉంది, కానీ కళ్ళలోంచి పోయింది. "మరి మగ్గం మీంచి దిగిన కొత్తగుడ్డకి సాంబ్రాణి వాసనేంది తల్లీ?"

మస్తాన్‌బీ కొడుకు గది వైపు చూసింది. మెహర్ నేలవైపు చూసింది.

కోటేశ్వరి ముందుకు ఒక అడుగు వేసి, తండ్రి చేతుల్లోంచి రుమాలు తీసుకుని, ఎప్పటిలాగే జాగ్రత్తగా మడతపెట్టింది. తర్వాత పెరటివైపు చెయ్యి చూపించింది.

"నాది అదుగో నాన్నా," అంది. "ఆ దండెం మీదుంది."